తగవులు దాచుకోని ఊరు



ఈ పూట మిమ్మల్ని పశ్చిమ ఆఫ్రికా తీరానికి తీసుకెళ్తాను. ఘానా దేశపు రాజధాని ఆక్రాకు. మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాల మీద అక్కడ ఉంటున్నారు. మనవడి వంకతో నేనూ వెళ్ళాను. విమానం దుబాయ్‌లోనో ఆడిస్ అబాబాలోనో మారాలి. టైము లెక్క మాత్రం తేలిక. గ్రీనిచ్ రేఖ ఆక్రా పక్కనున్న టేమా రేవు మీదుగానే పోతుంది కాబట్టి మన గడియారాన్ని అయిదున్నర గంటలు వెనక్కి జరిపితే చాలు. మనం ఇక్కడ మధ్యాహ్నం భోజనానికి లేచే వేళకు అక్కడ పిల్లలు బడికి బయల్దేరుతుంటారు.

దిగగానే నన్ను ఆపింది విమానాశ్రయం పేరు. నేను వెళ్ళినప్పుడు బోర్డు మీద ఉన్నది కొటోకా అంతర్జాతీయ విమానాశ్రయం అని. ఎవరీ కొటోకా? ఘానా అంటే మన తరానికి తెలిసిన పేరు క్వామే ఎన్‌క్రుమా. నెహ్రూ, నాసర్, టిటోల పక్కన అలీనోద్యమం ఫొటోల్లో చూసినవాళ్ళం. ఆయన 1966లో హనోయ్‌కి బయల్దేరి వెళ్ళాక, ఫిబ్రవరి 24న సైన్యం ఇక్కడ ఆయన ప్రభుత్వాన్ని కూల్చేసింది. ఆ పని చేసిన సైనికాధికారుల్లో ముఖ్యుడు కొటోకా. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జరిగిన ఇంకో తిరుగుబాటు ప్రయత్నంలో ఆయన్నీ చంపేశారు. తర్వాత విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినాయన సమాధి ఊరి నడిబొడ్డున ఉంటే, ఆయన్ని గద్దె దింపినాయన పేరు ఊరి గుమ్మానికి ఉండేదన్నమాట. ఆ పేరు తీసెయ్యాలన్న వాదన దశాబ్దాలపాటు నడిచింది.

అక్కణ్ణుంచి ఊళ్ళోకి వచ్చే దారిలోనే అధ్యక్ష భవనం కనిపిస్తుంది. అకాన్ తెగ రాజులు కూర్చునే పీట ఆకారంలో ఉంటుంది. భారత ప్రభుత్వం ఇచ్చిన అప్పుతో, భారతీయ కంపెనీయే కట్టిన భవనం. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్ళు నిండాయని, కట్టించిన పార్టీ దానికి జూబిలీ హౌస్ అని పేరు పెట్టి 2008లో ప్రారంభించింది. తర్వాత గెలిచిన పార్టీ ఆ పేరు తీసేసి పాత పేరు ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ తగిలించింది. మొదటి పార్టీ మళ్ళీ గెలిచి, 2018లో మళ్ళీ జూబిలీ హౌస్ అంది. ప్రభుత్వం మారగానే పథకాల పేర్లు మారిపోవడం చూసి చూసి ఉన్న ప్రాణం నాది. పరాయి దేశం వచ్చానన్న బెరుకు అక్కడే పోయింది.

ఊరు చూపించడానికి మా అల్లుడు ఒక గైడును కుదిర్చాడు. పాతికేళ్ళ కుర్రాడు. జేమ్స్‌టౌన్ అనే పాతబస్తీలో పుట్టి పెరిగాడు. ఆక్రా తీరానికి ఎప్పటినుంచో సొంతదారులైన గా తెగవాడు. పెద్దవాళ్ళను అక్కడా మనలాగే ఆంటీ అనే పిలుస్తారు. వచ్చినవాళ్ళకు అందమైనవి ఏరి చూపించడం గైడుల పద్ధతి కదా. ఈ అబ్బాయి మాత్రం ఎక్కడ కారు ఆపినా, "ఇక్కడ ఒక గొడవ జరిగింది ఆంటీ" అని మొదలుపెట్టేవాడు. సాయంత్రానికి నాకు అర్థమైంది, ఆ అబ్బాయి తీరే కాదు, ఊరి తీరే అంత. పోట్లాడుకున్న గుర్తులు చెరిపెయ్యరు. పక్కనే కొత్తది కట్టి, పాతదాన్నీ ఉండనిస్తారు.

పొద్దున్న ఆరున్నరకల్లా జేమ్స్‌టౌన్ ఒడ్డుకు చేరాం. మంగళవారం మాత్రం పెట్టుకోవద్దని ముందే చెప్పాడు. మంగళవారం గా జాలర్లు వేటకు వెళ్ళరు. ఆ రోజు సముద్రానికి విశ్రాంతి. మగవాళ్ళు ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు అల్లుకుంటారు. మిగతా రోజుల్లో రాత్రి వేటకు పోయిన పడవలు తెల్లారేసరికి వస్తాయి. పెద్ద మాను దుంగను తొలిచి, పైన పలకలు కొట్టి ఎత్తు పెంచిన పొడవాటి పడవలు. అంచుల నిండా ఎరుపూ పసుపూ నీలం గీతలు, బైబిలు వాక్యాలు, ఫుట్‌బాల్ జట్ల గుర్తులు.

విశాఖపట్నం జాలరిపేటలో తిరిగినదాన్ని కాబట్టి ఆ వాసన నాకు కొత్త కాదు. బుట్టల్లో ఉన్నవీ తెలిసినవే: కవళ్ళు, నెత్తళ్ళు. పడవ ఇసుకలో ఆగేదాకా మగవాళ్ళ రాజ్యం. ఆగిన క్షణం నుంచి ఆడవాళ్ళది. చేప దిగగానే ధర కట్టేదీ, కొనేదీ, పొగబెట్టి మార్కెట్లకు పంపేదీ వాళ్ళే. వలకో, ఇంజన్ డీజిల్‌కో చాలాసార్లు ముందు డబ్బు పెట్టింది కూడా వాళ్ళే, కాబట్టి చేప మొదట ఆవిడ బేసిన్‌లోనే పడాలి. నేను చూస్తుండగానే యాభై దాటిన ఒకావిడ, నడుముకు రంగుగుడ్డ బిగించి, పడవ యజమాని ఎదురుగా నిలబడింది. బేసిన్‌లోంచి ఒక కవళ్ళ చేప తీసి, దాని కన్ను అతని మొహానికి దగ్గరగా పెట్టి ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఏమందమ్మా అంటే గైడు నవ్వాడు: "ఇది నిన్నటి చేప, మా అత్తగారికి అమ్ముకో అంటోంది." ధర తగ్గింది. ఎంత తగ్గిందో ఆ అబ్బాయి చెప్పలేదు, బేరం బయటివాళ్ళకు చెప్పరట.

అక్కడికి దగ్గర్లోనే చోర్కర్ అనే జాలరిపేట ఉంది. చేపలు పొగబెట్టే ఒక రకం పొయ్యికి ఆ పేట పేరే ఉంది. అంతకుముందు గుండ్రటి మట్టిపొయ్యిల మీదా, ఇనప డ్రమ్ముల మీదా కాల్చేవారు. కట్టెలు బోలెడు తగలబడేవి, ఆడవాళ్ళ కళ్ళు పొగతో పాడయ్యేవి. 1960ల చివర ఘానా శాస్త్రవేత్తలూ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థవాళ్ళూ, ఆ పేట ఆడవాళ్ళూ కలిసి కొత్త పొయ్యి తయారుచేశారు. దీర్ఘచతురస్రంగా మట్టిగోడ, దాని మీద తీగవల బిగించిన చెక్క పళ్ళేలు ఒకదాని మీద ఒకటి. కింది పళ్ళెం పైకీ, పైది కిందికీ మారుస్తూ ఉంటే చాలు, తక్కువ కట్టెతో ఎక్కువ చేప తయారవుతుంది. తర్వాత ఆ పొయ్యి ఎన్నో దేశాలకు వెళ్ళింది.

ఒడ్డున ఇప్పుడు చైనా సాయంతో కట్టిన కొత్త చేపలరేవు ఉంది. దానికోసం అక్కడి పాకలూ పొయ్యిలూ తీసేశారు. "రేవు వచ్చింది ఆంటీ, మా పిన్ని పొయ్యి పోయింది" అన్నాడు గైడు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టుగా.

ఎరుపు, తెలుపు పట్టీల లైట్‌హౌస్ ఎక్కితే పాతబస్తీ అంతా కనిపిస్తుంది. తుప్పు పట్టిన రేకుల కప్పులు, వాటి మధ్య బాక్సింగ్ శిక్షణశాలలు. ప్రపంచ ఛాంపియన్ అజుమా నెల్సన్‌ను తయారుచేసింది ఈ పేటలే. సముద్రం వైపు చూస్తే, నడిచి వెళ్ళేంత దూరంలో రెండు కోటలు.

మొదటిది జేమ్స్ ఫోర్ట్. ఇంగ్లీషువాళ్ళు 1673లో కట్టారు. తర్వాత జైలయింది, 2008 దాకా ఖైదీలు ఉండేవారు. గోడలకు ఆ చెమ్మ ఇంకా ఉంది. 1950 జనవరిలో ఎన్‌క్రుమా సమ్మెలకూ బహిష్కరణకూ పిలుపునిచ్చాడు. గాంధీ మార్గమే తనకు దారి చూపిందని ఆయన దాచుకోలేదు. బ్రిటిష్‌వాళ్ళు పట్టుకొచ్చి ఈ జైల్లో పెట్టారు. 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో ఆయన లోపల ఉండే ఆక్రా సెంట్రల్ నుంచి పోటీ చేశాడు. ఘనంగా గెలిచాడు. గవర్నరుకు ఆయన్ని వదిలి, ప్రభుత్వం నడపమని పిలవక తప్పలేదు.

ఈ కథ విని నేను కొంచెం పొంగిపోయిన మాట నిజం. గైడు అది గమనించాడు. వెంటనే రెండో కథ చెప్పాడు. 2016 జూన్‌లో అప్పటి మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఇదే ఊళ్ళో, లెగాన్‌లోని ఘానా విశ్వవిద్యాలయంలో, గాంధీ విగ్రహం ఆవిష్కరించారు. కొద్ది నెలలకే అక్కడి అధ్యాపకులు దాన్ని తీసెయ్యాలని అర్జీ పెట్టారు. దక్షిణాఫ్రికాలో ఉన్న తొలి రోజుల్లో నల్లవాళ్ళను చిన్నచూపు చూస్తూ గాంధీ రాసిన మాటలు చూపించారు. 2018 డిసెంబరులో విగ్రహం ఎత్తేశారు.

"మీరేమంటారు ఆంటీ?" అని అడిగాడు. ఆ మాటలు ఆయన రాసినవే, బుకాయించలేం. ఆ తర్వాత ఆయన చాలా మారాడు, అదీ నిజమే. నేను అంతే చెప్పాను. "ఆ రెండూ కింద పలక మీద చెక్కించి ఉంటే విగ్రహం నిలబడేదేమో" అన్నాడు. విగ్రహాలు పెట్టేవాళ్ళు పలక మీద అంత రాయరు బాబూ, మా దగ్గరా రాయరు, అన్నాను.

రెండో కోట అషర్ ఫోర్ట్. దాన్ని డచ్చివాళ్ళు 1649లో మొదలుపెట్టారు. అక్కడ బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల్ని ఓడ వచ్చేదాకా ఉంచేవారు. పట్టుకున్నది ఎవరు? లోపలి రాజ్యాల మధ్య యుద్ధాల్లో చిక్కినవాళ్ళను తీరందాకా నడిపించుకొచ్చింది ఆఫ్రికన్లే. మధ్య బేరగాళ్ళలో తీరం మనుషులూ ఉన్నారు. "మావాళ్ళూ వాటా తిన్నారు" అని గైడు చాలా మామూలుగా చెప్పాడు.

అక్కడ నా వాటా కూడా ఒకటి బయటపడింది. ఆ మనుషులకు బదులుగా తీరంలో ఏమిచ్చేవారు? తుపాకులు, సారా, ఇనప కడ్డీలు. అన్నిటికంటే ముఖ్యంగా గుడ్డ. అందులో ఎక్కువ భాగం భారతదేశపు నూలు గుడ్డ. కోరమాండల్ తీరంలో నేసిన ఒక రకానికి యూరప్ వర్తకుల పద్దుల్లో గినీ గుడ్డ అనే పేరుండేది, ఈ గినీ తీరంలో చెల్లేది కాబట్టి. మచిలీపట్నంలో, పాలకొల్లులో, భీమునిపట్నంలో డచ్చివాళ్ళు వర్తకస్థానాలు పెట్టింది అలాంటి గుడ్డల కోసమే. భీమిలిలో డచ్చి సమాధులు చూడ్డానికి పిల్లల్ని ఎన్నిసార్లు తీసుకెళ్ళానో. ఆ గుడ్డ ఆమ్‌స్టర్‌డామ్ చేరి, అక్కణ్ణుంచి మళ్ళీ ఓడెక్కి ఇక్కడికి వచ్చేదని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నేసిన సాలె ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. అయినా ఆ చీకటి గదిలో నిలబడి ఈ లెక్క వింటే ఒళ్ళు ఒకలా అయిపోయింది.

పక్క వీధిలో బ్రెజిల్ హౌస్ అని ఒక ఇల్లుంది. బ్రెజిల్లో బానిసత్వం నుంచి బయటపడి, 1836లో సముద్రం దాటి తిరిగొచ్చిన కుటుంబాలవాళ్ళది. గా పెద్దలు వాళ్ళకు భూమి ఇచ్చి ఉండనిచ్చారు. వాళ్ళు నూతులు తవ్వారు, తోటలు వేశారు, కుట్టుపని నేర్పారు. ఇప్పటికీ వాళ్ళకో పెద్ద ఉన్నాడు, ఊరి పండగలో వాళ్ళకో స్థానం ఉంది.

అక్కణ్ణుంచి ట్రో-ట్రో ఎక్కుదామన్నాను. మా అల్లుడు వద్దన్నాడు కాబట్టి ఇంకా ఎక్కాలనిపించింది. పాత మినీ వ్యానులవి. సీట్లు అరిగి, కిటికీలు ఊగుతూ, వెనక అద్దం మీద దేవుడి మాటో, అత్తగారి మీద ఎత్తిపొడుపో రాసి ఉంటుంది. తలుపు దగ్గర వేలాడే కుర్రాణ్ణి మేట్ అంటారు. వాడు ఊరి పేర్లను సగానికి కోసి, గుక్క తిప్పుకోకుండా అరుస్తాడు. అరవనక్కర్లేకుండా వేళ్ళ సైగలు కూడా ఉన్నాయి. వేలితో గాల్లో సున్నా చుడితే ఎన్‌క్రుమా సర్కిల్‌కు పోవాలని. నా పక్కన కూర్చున్న ముసలాయన నేను ఏ వారం పుట్టానని అడిగాడు. బుధవారం అన్నాను. "అయితే అకువా" అని నాకు పేరు పెట్టేశాడు. అకాన్‌లలో పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు తప్పకుండా ఉంటుంది. క్వామే శనివారం, కోఫీ శుక్రవారం. కోఫీ అన్నన్ శుక్రవారం పుట్టినవాడే.

దిగింది మకోలా మార్కెట్లో. ఈ మార్కెట్ గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

1924లో బ్రిటిష్‌వాళ్ళు కట్టించిన మార్కెట్ అది. మొదటినుంచీ ఆడవాళ్ళదే. గుడ్డ, గిన్నెలు, పూసలు, డబ్బా సరుకులు, ఏ వరసలో చూసినా వాళ్ళే యజమానులు. టమాటాలకు ఒక రాణి, ఉల్లికి ఒక రాణి అని పెద్దలుంటారు, తగవులు తీర్చేది వాళ్ళే. 1970ల్లో ఘానాలో సరుకులు కరువయ్యాయి, ధరలు మండిపోయాయి. కారణం ప్రభుత్వాల చేతకానితనం, కోకో ఆదాయం పడిపోవడం, చమురు ధరలు. కానీ నింద పడింది బజారులో కూర్చున్న ఆడవాళ్ళ మీద. సరుకు దాచేస్తున్నారన్నారు. 1979 జూన్‌లో ఫ్లయిట్ లెఫ్టినెంట్ జెర్రీ రాలింగ్స్ నాయకత్వాన యువ సైనికులు అధికారం చేజిక్కించుకున్నారు. ఆ ఆగస్టు 18న సైనికులు వచ్చి మకోలా నంబర్ వన్ మార్కెట్‌ను నేలమట్టం చేసేశారు. తరతరాల అంగళ్ళు ఒక్క రోజులో పోయాయి. ధరలు దిగాయా అంటే, దిగలేదు.

ఆ కూల్చిన చోట కార్ల పార్కింగ్ స్థలం వచ్చింది. దాని పేరు రాలింగ్స్ పార్క్. ఇప్పుడు అక్కడికి వెళ్తే కార్లకంటే అంగళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. కూల్చినాయన పేరు చిరునామాగా చెప్పి సరుకు అమ్ముకుంటున్నారు.

గుడ్డల వరసలో ఆగాం. మైనపు అచ్చు గుడ్డ అని రెండు వైపులా ఒకే రంగుండే నూలు గుడ్డ. జావా బాతిక్‌ను డచ్చివాళ్ళు యంత్రాల మీద అనుకరించి తెచ్చిన సరుకు. జావాలో పెద్దగా చెల్లలేదు, ఇక్కడ ఇంటి గుడ్డ అయిపోయింది. కొత్త డిజైన్ వస్తే దానికి పేరు పెట్టేది కంపెనీ కాదు, మార్కెట్ ఆడవాళ్ళు. పేరు అతికితే గుడ్డ చెల్లుతుంది. పిట్టలు ఎగురుతున్న ఒక గుడ్డ విప్పి చూపించింది అంగడి ఆవిడ. దాని పేరు "డబ్బుకు రెక్కలుంటాయి". నా పర్సు కేసి చూసి మరీ చెప్పింది. ఆరు గజాలు కొన్నాను. కొనక ఏం చేస్తాను?

భోజనం అక్కడే, చెక్క బల్ల మీద. కెంకె తెప్పించాడు. మొక్కజొన్న పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, సగం ఉడికించి, మిగతా పిండిలో కలిపి, మొక్కజొన్న పొత్తు డొప్పల్లో చుట్టి ఉడకబెడతారు. విప్పగానే పుల్లటి ఆవిరి ముక్కుకు తగులుతుంది. పక్కన వేయించిన చేప, మట్టి మూకుడులో నూరిన ఎర్ర మిరప, టమాటా, ఉల్లి. మన రోటి పచ్చడికి తోబుట్టువు. ఇంకో గిన్నెలో షిటో అని, ఎండు చేపలూ రొయ్యలూ కలిపి నూనెలో మగ్గించిన నల్లటి కారం. కుడిచేత్తోనే తినాలి, ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదు. ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. చివర చల్లటి ఎర్ర పానీయం ఇచ్చారు, సోబోలో అంటారు. అల్లం ఘాటు, పులుపు. గుక్క వేయగానే ఎక్కడో తాగినట్టే అనిపించింది. అది ఎర్ర గోంగూర పువ్వు కింద ఉండే దళసరి రేకుల్ని మరిగించి చేసేది. మనం ఆకు తింటాం, వాళ్ళు ఆ రేకులు తాగుతారు. మొక్క ఒకటే.

మధ్యాహ్నం ఎన్‌క్రుమా స్మారక ఉద్యానం. బ్రిటిష్ అధికారులు పోలో ఆడుకున్న మైదానమది. 1957 మార్చి 6 అర్ధరాత్రి ఇక్కడే ఎన్‌క్రుమా ఘానా స్వతంత్రమైందని ప్రకటించాడు. ఆయన నిలబడిన చోట ఇప్పుడు కంచు విగ్రహం, ముందుకు చెయ్యి చాపి. వెనక పాలరాతి సమాధి మందిరం. ఆయన 1972లో బుకారెస్ట్‌లో చనిపోతే మొదట గినీలో, తర్వాత సొంతూరు ఎన్‌క్రోఫుల్‌లో పాతిపెట్టి, 1992లో ఇక్కడికి తెచ్చారు. పక్కనే ఈజిప్టు నుంచి వచ్చిన ఆయన భార్య ఫాతియా.

ఇవన్నీ ఏ దేశంలోనైనా ఉండేవే. నేను ఎక్కువసేపు నిలబడింది వెనకవైపు. అక్కడ ఇంకో ఎన్‌క్రుమా విగ్రహం ఉంది. తల లేదు. చెయ్యి విరిగింది. 1966 తిరుగుబాటు రోజున పాత పార్లమెంటు ముందునుంచి పెరికేసిన విగ్రహం. తల ఎవరో పట్టుకుపోయి ఇంట్లో దాచారు. 2009లో తిరిగిచ్చారు. దాన్ని మొండేనికి అతికించవచ్చు, అతికించలేదు. మొండెం ఒక దిమ్మె మీద, తల పక్కన వేరే దిమ్మె మీద. బడిపిల్లలు వరసగా వచ్చి రెంటి మధ్యా నిలబడి ఫొటోలు దిగుతున్నారు. వాళ్ళ టీచరు ఆవిడ, "ఎవరు విరిచారు?" అని అడిగింది. పిల్లలు ఒక్క గొంతుతో "సోల్జర్స్" అన్నారు. "ఎందుకు?" అంటే ఒక పిల్ల, జైల్లో పెట్టాడు కాబట్టి అంది, ఇంకో పిల్లవాడు, అమెరికా చేయించింది అన్నాడు. టీచరు ఇద్దర్నీ కాదనలేదు. విచారణ లేకుండా మనుషుల్ని నిర్బంధించే చట్టం ఎన్‌క్రుమా తెచ్చిన మాట నిజం. 1964లో దేశంలో ఒకే పార్టీ ఉండాలన్నాడు. ఆయన పేరుతో ఉన్న తోటలోనే ఇవన్నీ గట్టిగా మాట్లాడుకోవచ్చు.

నల్ల నక్షత్రం చౌకు దగ్గర ఎండ మండిపోతోంది కాబట్టి తొందరగా దాటాం. విశాలమైన కవాతు మైదానం, సముద్రం ఎదురుగా పెద్ద తోరణం. ఆ దగ్గర్లోనే ఒక కూడలి ఉంది. 1948 ఫిబ్రవరి 28న మాజీ సైనికులు పింఛన్ల కోసం అర్జీ పట్టుకుని గవర్నరు కోటకు నడిచివెళ్తుంటే, ఆ కూడలిలో బ్రిటిష్ పోలీసు అధికారి కాల్చాడు. సార్జంట్ అజెటే, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఓడార్టే లాంప్టే అక్కడికక్కడే పోయారు. ఊరు భగ్గుమంది. స్వాతంత్ర్యం దారి ఆ రోజు మొదలైందని ఘానావాళ్ళు చెప్పుకుంటారు.

వాళ్ళు ఎక్కడ యుద్ధం చేసి వచ్చిన సైనికులు? బర్మాలో. రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమ ఆఫ్రికా డివిజన్లు ఇండియా మీదుగా అరకాన్‌కు వెళ్ళాయి. దారుల్లేని అడవిలో సామాన్లు నెత్తిన మోసుకుంటూ కలదాన్ లోయలో జపాన్‌వాళ్ళతో పోరాడాయి. మన తాతలు కూలికెళ్ళి రంగం, రంగం అని చెప్పుకున్న ఆ బర్మాయే. 1942లో మనవాళ్ళు కాలినడకన పారిపోయి వచ్చిన అడవుల్లోకి, తర్వాత ఈ ఊరి కుర్రాళ్ళు ఎదురు నడిచారు. ఆక్రాలో సైనిక కేంద్రం పేరు ఇప్పటికీ బర్మా క్యాంప్.

1948లో అర్జీ పట్టుకుని నడిచిన ఆ సైనికులు చేరలేకపోయిన కోట క్రిస్టియన్స్‌బోర్గ్. డేన్‌లు, అంటే డెన్మార్క్‌వాళ్ళు, కట్టిందది. బయటినుంచే చూశాం. ఇక్కడి కథ మాత్రం చెప్పితీరాలి. 1693లో అక్వాము రాజ్యానికి చెందిన అసమేని అనే వర్తకుడు, తుపాకులు కొంటామని మనుషుల్ని వెంటేసుకుని కోటలోకి వెళ్ళాడు. సరుకు పరీక్షిస్తామని తుపాకులు చేతికి తీసుకుని, అందులో మందు కూరి, డేన్‌లనే పట్టేశాడు. ఏడాదిపాటు కోట ఏలాడు, తన జెండా ఎగరేశాడు. తర్వాత బంగారం పుచ్చుకుని కోట తిరిగి అమ్మేశాడు. తాళాలు మాత్రం ఇవ్వలేదు. అవి ఇప్పటికీ అక్వాము రాజుల దగ్గరే ఉన్నాయి.

పొద్దు వాలే వేళకు టెషీ చేరాం, తీరం రోడ్డు మీద. రోడ్డు పక్క వడ్రంగి కొట్టు. మేడ మీద చేప, విమానం, కోకో కాయ, సీసా, అన్నీ మనిషి పొడుగున. అవి శవపేటికలు. సేత్ కానే క్వే అనే వడ్రంగి గత శతాబ్దం నడిమిలో ఈ పనికి పేరు తెచ్చాడు, 1989లో ఆయన పేటికలు పారిస్ ప్రదర్శనకు కూడా వెళ్ళాయి. జాలరికి చేప, రైతుకు కోకో కాయ, పిల్లలు గల తల్లికి పిల్లల కోడి. సింహం అందరికీ చెయ్యరు, పెద్దరికం ఉన్న కుటుంబాలకే. కొన్ని చర్చిల్లో ఇలాంటివి లోపలికి రానివ్వరు, బైబిలు ఆకారమైతే ఒప్పుకుంటారు. అక్కడా తగవే.

ఒక కుర్రాడు నేల మీద కూర్చుని బాడిసతో మెత్తటి కర్ర చెక్కుతున్నాడు. చేప తోక. సందుల్లో లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు వెయ్యాలి. పొలుసులు ఒక్కొక్కటే కలంతో గీస్తారు. ఎవరికోసం అంటే ఒక పడవ యజమానికి. చనిపోయి కొన్ని వారాలయింది, శవం మార్చురీలో ఉంది. అక్కడ అంత్యక్రియలు నింపాదిగా, చుట్టాలందరూ వచ్చాక, శనివారం చేస్తారు. పోయినాయన తమ్ముడు వచ్చి చూసి, రంగు నీలం కాదు వెండిగా ఉండాలన్నాడు. వదినగారు నీలమే చెప్పిందని వడ్రంగి. డబ్బు కట్టింది ఎవరని గైడు అడిగాడు. వదినగారట. నీలమే ఖాయమైంది.

వెళ్దామనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. వీసా ముందే తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఆ పసుపుపచ్చ కార్డు పాస్‌పోర్టుతో ఉంచుకోవాలి. అది లేకపోతే అక్కడే కాదు, తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ ఆపుతారు. దోమల మందు, మలేరియా మాత్రల సంగతి డాక్టరును అడగండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా మీదనుంచి దుమ్ముగాలి వస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ నెలలు మానుకుంటే మంచిది. మే, జూన్ ప్రాంతంలో గా పండగ హొమోవోకు ముందు దాదాపు నెలరోజులు ఊళ్ళో డప్పులూ మైకులూ నిషేధం, ప్రశాంతంగా ఉంటుంది. అడగకుండా ఎవరినీ ఫొటో తీయకండి, ముఖ్యంగా చేపలు అమ్మే ఆడవాళ్ళను. నాకు ఒకావిడ చేతిలో చేప తోక తగలడం కొద్దిలో తప్పింది.